చెవిలో దూది

జూన్ 4, మంగళవారం

అమ్మలూ,

అందరం బాగున్నాం అని రాద్దామని కూర్చున్నాను గానీ పెన్ను అక్కడే ఆగిపోయింది. ముందు నీ సంగతి చెప్పు. దగ్గు తగ్గిందా? ఆ కళ్ళద్దాల కొట్టు వెనక గదిలో అద్దాలు అరగదీసేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకుంటున్నావా? గాజుపొడి ఊపిరిలోకి పోతే మళ్ళీ బయటికి రాదట, మా పక్కింటామె చెప్పింది. ఆమె చెప్పేవాటిలో సగం అబద్ధాలే అనుకో, మిగతా సగానికే నా భయం. రోడ్డు దాటేటప్పుడు రెండు పక్కలా చూడు. నీకు వెనకనించి బండి హారన్ వినపడదు కదా, అందుకని రోజూ సాయంత్రం నువ్వు ఇంటికి చేరే టైముకి గడియారం చూస్తూ కూర్చుంటాను. నీ ఉత్తరం చేతికొచ్చేదాకా నువ్వు క్షేమంగా ఉన్నట్టు నాకు లెక్క కాదు.

ఇక ఇక్కడి సంగతి. మన చిట్టిదానికి పధ్నాలుగు నెలలు వచ్చాయి. ఇంకా ఒక్క మాట లేదు. మాట దాకా ఎందుకు, ఊ అనదు, ఆ అనదు. ఆరో నెలలో ఏవో కూతలు కూసేది, అవి కూడా పోయాయి. పిలిస్తే తిరగదు. బొమ్మ కింద పడేస్తే చూస్తుంది గానీ ఏడవదు. "ఎంత బుద్ధిమంతురాలో" అంటారు చూడ్డానికి వచ్చినవాళ్ళు. పిల్లలు బుద్ధిగా ఉంటే నాకు భయం అమ్మలూ.

కోడలి సంగతి కూడా ఏం బాగాలేదు. ప్రసవమైన దగ్గర్నించీ అదోలా ఉంది. గోడవైపు తిరిగి పడుకుంటుంది. లేస్తే పని అంతా చేస్తుంది, గిన్నెలు మెరిసిపోతాయి, కానీ మనిషి అక్కడ లేదు. అలసటలే అని మీ తమ్ముడు అంటాడు. వాడు లిఫ్టు మెకానిక్కు, ఇరుక్కుపోయినవాళ్ళని బయటికి తియ్యడమే వాడి ఉద్యోగం, ఇంట్లో ఎవరు ఇరుక్కున్నారో మాత్రం కనపడదు. ఆ పిల్లకి విశ్రాంతిగా ఉంటుందని చిట్టిదాని మంచం నా గదిలోకి తెచ్చేసుకున్నాను. పాలూ స్నానం నిద్రా అన్నీ నేనే.

పోయిన వారం మీ తమ్ముడు చిట్టిదాన్ని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. చెవులు బాగానే ఉన్నట్టున్నాయి గానీ ఇంట్లో ఎవరికైనా ఈ తేడా ఉందా అని ఆయన అడిగాడట. వీడు వెంటనే "మా అక్కకి ఉందండీ, చిన్నప్పట్నించీ" అన్నాడట. అయితే ఆవిడ పాత కాయితాలు తెండి, వంశంలో ఉంటే పెద్ద పరీక్షలు చెయ్యాలి అన్నాడట డాక్టరు.

వాడు నీకు రాయమన్నాడు, రాస్తున్నాను. కానీ నువ్వు వెతుక్కుంటూ కూర్చోకు. ఎప్పటి కాయితాలో, ఎక్కడ పోయాయో. లేవని ఒక ముక్క రాసెయ్యి, చాలు.

దూది మాత్రం మానకు. గాలి తగలనివ్వకు.

నీ గురించే ఆలోచించే
అమ్మ


జూన్ 11, మంగళవారం

అమ్మా,

దగ్గు తగ్గింది. గుడ్డ కట్టుకుంటున్నాను. రోడ్డు రెండు పక్కలా చూస్తున్నాను, నలభై మూడేళ్ళుగా చూస్తూనే ఉన్నాను.

కాయితాలు నా దగ్గరెందుకుంటాయి? నీ రేకుపెట్టెలోనే ఉండాలి. చిన్నప్పుడు ఎప్పుడడిగినా "పెట్టెలో ఉన్నాయి, నువ్వు ముట్టుకోకు" అనేదానివి. నా పెళ్ళి సంబంధం వాళ్ళు అడిగినప్పుడు కూడా అదే అన్నావు. ఆ పెట్టె ఇంకా నీ మంచం కిందే ఉంది కదా, చూడు.

ఇంకో మాట అడుగుతాను, సూటిగా చెప్పు. నా చెవిటితనం వాళ్ళ పిల్లకి వచ్చిందని అంటోందా మరదలు? అంటే నాకేం కోపం లేదు. కానీ నాది లాండ్రీ మిషన్ల మోత వల్ల వచ్చిందని కదా నువ్వు చెప్పింది. మోత వల్ల వచ్చింది వంశంలో ఎలా పాకుతుంది? ఆ ముక్క డాక్టరుకి మీరెవరూ ఎందుకు చెప్పలేదు? నా మీద పెట్టడం తేలికని ఊరుకున్నారా?

షాపాయన మళ్ళీ అడిగాడు, ముందు కౌంటర్లో కూర్చోమని. ఉన్నమ్మాయి మానేసింది. జీతం కూడా పెంచుతాడట. నాకు వినపడదండీ అని మళ్ళీ చెప్పాను. "నేను మామూలుగా మాట్లాడితేనే సమాధానం చెప్తున్నావు కదమ్మా" అంటాడు. ఆయన పెదాలు చూస్తానని ఆయనకి తెలీదు.

చిట్టిదాన్ని ముద్దాడు. మరదలు కూర్చోగానే అలిసిపోయిందనీ, నిలబడగానే పొగరనీ అనకు. నీ గురించి నాకు తెలుసు.

ఉంటాను.


జూన్ 17, సోమవారం

అమ్మలూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ నువ్వు కోపంగానే ఉన్నావు. మూడో తరగతి చదువు నాది, మాట కూర్చడం రాదు, ఒకటి రాయబోతే ఇంకోటి అవుతుంది.

కోడలు నిన్ను ఒక్క మాట అనలేదు. నిన్నే కాదు, ఎవర్నీ ఏమీ అనదు. అదే కదా నా బాధ. నన్ను తిట్టినా బావుండును. మొన్న పాలసీసా చేత్తో పట్టుకుని స్టవ్వు ముందు నిలబడింది. పాలు పొంగిపోతున్నాయి. చూస్తోంది, చూడట్లేదు. నేను వెళ్ళి కట్టేశాను. "అయ్యో, పొంగాయా అత్తయ్యా" అంది, ఎవరింట్లోనో పొంగినట్టు. అప్పట్నించి గ్యాసు కట్టారా లేదా అని రోజుకి పదిసార్లు లేచి చూస్తున్నాను. వంటింటి గుమ్మం అరిగిపోయేలా ఉంది.

చిట్టిది వాళ్ళమ్మ మొహం చూడడం మానేసింది. మొదట్లో చూసేది. చూసి చూసి నవ్వేది, ఇటునించి నవ్వు రాకపోతే ఇంకొంచెం పెద్దగా నవ్వేది. ఇప్పుడు చూపు తిప్పేసుకుని ఫ్యాను చూస్తుంది. ఫ్యాను అయితే ఎప్పుడూ తిరుగుతుంది కదా, మోసం చెయ్యదు.

చెవుల డాక్టరు "తల్లి ఎలా ఉంది" అని కూడా అడిగాడట. మీ తమ్ముడు "బానే ఉందండీ" అన్నాడట. ఎవరైనా అడిగితే బానే ఉంది అనడం మన ఇంటికి అలవాటు.

కాయితాలు పెట్టెలో లేవు. పెట్టంతా చూశాను. చెదలు పట్టి ఉంటాయి. నువ్వింక ఆ మాట ఎత్తకు. సెలవు పెట్టి ఇక్కడికి రావాలని కూడా అనుకోకు, ఇప్పుడు రావొద్దు. వస్తే మీ తమ్ముడు నిన్ను ఆ డాక్టరు దగ్గరికి లాక్కెళ్తాడు, అనవసరంగా నీకు శ్రమ.

కౌంటరు పని వద్దన్నావు, మంచి పని చేశావు. నలుగురిలో కూర్చుని ఒక మాటకి ఇంకో సమాధానం చెప్తే నవ్వుతారు.

ఈ మాట రాశాక కొట్టెయ్యబోయి వదిలేశాను. ఎందుకో తర్వాతెప్పుడైనా చెప్తాను.

నీకు కోపం వచ్చినా నీ
అమ్మనే


జూన్ 22, శనివారం

అమ్మకి,

రావొద్దన్నావు, రాను. పుట్టింటికి రావడానికి కూడా చెవులు అడ్డమొస్తాయని తెలీలేదు.

నువ్వు ఎందుకు దాస్తున్నావో అర్థమైంది. నా జబ్బు నిజంగా వంశంలోదే, మోత వల్ల కాదు. నన్ను బాధపెట్టకూడదని మోత కథ చెప్పావు. ఇప్పుడు చిట్టిదానికి అదే వస్తే ఆ నింద నా మీద పడుతుందని నువ్వు భయపడుతున్నావు. అంతేనా? పడనీ. పసిపిల్ల వైద్యం కంటే నా పరువు ఎక్కువా?

అందుకని నేనే ఇక్కడ పరీక్ష చేయించుకుంటున్నాను. బుధవారం. కొత్త కాయితం తీసుకుని తమ్ముడికే పంపిస్తాను. చెదలు పట్టిన వాటితో పని లేదు.

పరీక్షకి పేరు రాయించడానికి డాక్టరు దగ్గర టోకెను తీసుకుని కూర్చున్నప్పుడు బడి గుర్తొచ్చింది. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అని మా లెక్కల టీచరు ఒకసారి అన్నది మొదలు పిల్లలంతా నన్ను శంఖం అని పిలిచేవాళ్ళు. శంఖం వచ్చింది, శంఖం కూర్చుంది. నా వెనక ఎంత మెల్లిగా అన్నా నాకు ప్రతిసారీ వినపడేది. వినపడనట్టు ఉండేదాన్ని. చెవిటిదాన్ని కదా, వినపడితే బాగుండదు.

ఎనిమిదో తరగతిలో మాన్పించావు. ఎంత చెప్పినా దానికి ఎక్కదు అని నాన్నతో అంటున్నావు. అదీ వినపడింది. నేను పక్క గదిలో ఉన్నాను, తలుపు వేసి ఉంది.

ఇది రాస్తుంటే ఏదో తేడాగా అనిపిస్తోంది. సరే, బుధవారం ఎలాగూ తెలుస్తుంది.


జూన్ 27, గురువారం

అమ్మలూ,

నీ ఉత్తరం ఇవాళ అందింది. బుధవారం అయిపోయింది. పరీక్ష వద్దు, చెవిలో ఏదో గుచ్చుతారు, పొర చిరుగుతుంది అని రాద్దామని కాగితం తీశాను. తీసి, చించేశాను. ఇది రెండో కాగితం.

నిన్న మధ్యాహ్నం ఒకటి జరిగింది. చిట్టిదానికి స్నానం చేయించి తువ్వాలు కోసం వెళ్ళాను. అరనిమిషం పట్టుకోమని కోడలికిచ్చాను. వచ్చి చూస్తే చిట్టిది నేలమీద ఒక్కత్తే, తడివొంటితో. కోడలు నాలుగడుగుల దూరంలో గోడకి ఆనుకుని చేతులు వెనక పెట్టుకుని నిలబడింది. పిల్ల ఏడవలేదు, ఆమె ఏడవలేదు. "మీరే తీసుకోండి అత్తయ్యా. నా దగ్గరుంటే ఇది పాడైపోతుంది" అంది.

తువ్వాలు చుట్టి పిల్లని ఎత్తుకున్నాను అమ్మలూ. ఈ మాట నాది. అచ్చంగా ఇదే మాట. నలభై మూడేళ్ళ కింద నేను అనుకున్నది, ఎవరికీ చెప్పనిది. ఆమె నోట్లోకి ఎలా వచ్చింది?

నీ చెవులు మంచివి. ఎప్పుడూ మంచివే. కాయితాలు లేవు. ఎప్పుడూ లేవు.

నువ్వు పుట్టినప్పుడు నాకు ఇరవై రెండు. మీ నాన్న లారీ మీద నెలకి ఇరవై రోజులు బయటే. మూడో నెల నించే నిన్ను బుట్టలో వేసుకుని లాండ్రీకి వెళ్ళాను, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోటు, నీకు తెలుసు. అప్పటికే నాకు మబ్బు పట్టేసింది. దానికి వేరే పేరు నాకు తెలీదు. నీ మొహం చూస్తే గోడని చూసినట్టుండేది. ఏడిస్తే పాలిచ్చేదాన్ని, కడిగేదాన్ని, తుడిచేదాన్ని, పక్కన పెట్టేదాన్ని. దుప్పట్లని చూసుకున్నట్టే చూసుకున్నాను. దుప్పట్లతో ఎవరూ మాట్లాడరు కదా. నీతో నేను మాట్లాడలేదు అమ్మలూ. ఒక రోజు కాదు, పది రోజులు కాదు. దగ్గర దగ్గర మూడేళ్ళు. తిండి పెట్టాను, మాట పెట్టలేదు.

నువ్వు అప్పుడు చిట్టిదానిలాగే బుద్ధిగా ఉండేదానివి.

మా మేస్త్రమ్మ గుర్తుందా, మందపాటి చేతులావిడ, నిన్ను తొడమీద కూర్చోబెట్టుకునేది? ఆవిడ నా జత మార్చి తన ఎదుట నన్ను నిలబెట్టుకుంది. దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరు కావాలి, చెరో కొసా పట్టుకుని విదిలించి, దగ్గరికొచ్చి కొసలు కలిపి, మళ్ళీ వెనక్కెళ్ళాలి. ఆవిడ నీ బుట్టని బల్లమీద, మా ఇద్దరి మధ్యన పెట్టించింది. "నువ్వు మాట్లాడవు, సరే. నేను దీంతో మాట్లాడతాను, నువ్వు మడత పెట్టు" అంది. మిషన్ల మోతలో గొంతు చించుకుని పొద్దుణ్ణించి సాయంత్రం దాకా నీతో కబుర్లు. కొస విసిరే ముందు ప్రతిసారీ "పట్టుకో" అనేది. నీ మొదటి మాట అదే. నాలుగో ఏడు నడుస్తోంది. బుట్ట దాటి బల్లమీద కూర్చుని "పట్టుకో" అన్నావు. నా వైపు చూసి కాదు. ఆవిడ వైపు చూసి.

బళ్ళో చేర్చేటప్పుడు పెద్ద టీచరు అడిగింది, మాట ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చిందని. నా వల్ల అని ఎలా చెప్పను? ఏం తల్లివే అంటుంది కదా. "మిషన్ల మోతకి చెవి మందమైందండీ" అనేశాను. ఆవిడ రిజిస్టర్లో రాసేసుకుంది. అంతే. ఒకసారి రాసేశాక నేను దాన్ని నిలబెట్టాలి కదా. అందుకే నీ ఎడమ చెవిలో దూది పెట్టి పంపేదాన్ని. మంచి చెవిలో. రోజూ పొద్దున్నే నా చేత్తో నేనే. కొన్నేళ్ళకి నేనే నమ్మేశాను, హారన్ వినపడదని నిజంగానే భయపడ్డాను. ఇప్పటికీ భయమే. అబద్ధం నాది, భయం మాత్రం నిజం.

ఫోను నీ చెవికి పడదని ఉత్తరాలు మొదలుపెట్టింది కూడా నేనే.

ఇంక నా దగ్గర దాచడానికి ఏమీ లేదు. ఈ ఉత్తరం నేనే పోస్టులో వేస్తాను, ఎవరికీ ఇవ్వను.

అమ్మ


జూన్ 28, శుక్రవారం

అమ్మా,

బుధవారం పరీక్ష అయింది. చెవులకి ఏదో పెట్టి శబ్దాలు వినిపించారు, వినపడగానే వేలు ఎత్తాలి. ఎత్తుతూనే ఉన్నాను. ఆ అమ్మాయి మిషను ఆపి, "అన్నీ వినపడుతున్నాయి కదండీ, ఎందుకొచ్చారు?" అంది.

చెవిటిదాన్నని చెప్పాను. నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. పెద్ద డాక్టరు మళ్ళీ చూశాడు. రెండు చెవులూ బాగున్నాయట. చిన్నప్పటి దెబ్బ ఏదీ లేదట. ఎడమ చెవిలోంచి ఒక దూదిపోగు తీశాడు. ఇది ఎందుకు పెట్టుకుంటారు అని అడిగాడు.

నేను కూడా అదే అడుగుతున్నాను. ఎందుకు?


జూలై 6, శనివారం

అమ్మా,

నేను ఎందుకు అని అడిగిన ఉత్తరమూ, నీ జవాబూ దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నీది మంగళవారం అందింది. నాలుగు రోజులు బల్లమీదే ఉంది. దాని ముందునించే పనికి వెళ్ళాను, వచ్చాను.

ఏమని రాయను? నీకు జబ్బు చేసిందంటే నాకు కోపం రాదు. ఇరవై రెండేళ్ళ పిల్లవి, పక్కన ఎవరూ లేరు. ఆ మూడేళ్ళు నేను నిన్ను ఏమీ అనను. అననని అనుకుంటున్నాను. తమ్ముడు పుట్టాక వాడితో గంటలు గంటలు కబుర్లు చెప్పేదానివి, నాకు పదేళ్ళు, గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. వాడికి చెవులు మంచివి కాబట్టి మాట్లాడుతోంది అనుకునేదాన్ని. అది కూడా సర్దుకుంటాను ఎలాగో.

కానీ దూది? మూడేళ్ళు మబ్బు. తర్వాత నలభై ఏళ్ళు? అప్పుడు మబ్బు లేదు కదా అమ్మా.

మొద్దు అని నన్ను నేనే అనుకుంటూ వెనక గదిలో కూర్చున్నాను. ఆ మిషను మోత నాకు నచ్చిందనుకున్నాను. మోతలో ఎవరూ నన్ను ఏమీ అడగరు.

దీనికి జవాబు ఇప్పుడే రాయకు. ఏడుపు ఉత్తరం అసలు రాయకు, నేను చదవను. ఒక్క పని చెయ్యి. నాకు రాసింది మొత్తం వెళ్ళి మరదలికి చెప్పు. ఆమెకి ఈ క్షణంలో ఏమనిపిస్తోందో ఆ ఇంట్లో నీకొక్కదానికే తెలుసు. నువ్వేమో మాట్లాడకుండా పిల్ల మంచాన్ని నీ గదిలోకి లాక్కున్నావు. పిల్లని పాడుచేస్తానని ఆమె అనుకుంటోంది, నువ్వు తీసుకుని అవును అన్నావు. అర్థమవుతోందా?

తమ్ముడికి నా పరీక్ష కాయితం పంపించాను. చూసి, చిట్టిదానికి మరి ఏమైంది అని వాడు నిన్నే అడుగుతాడు. బానే ఉంది అనకు.

మేస్త్రమ్మ ఇప్పుడు ఉందా?


జూలై 15, సోమవారం

అమ్మలూ,

ఏడవకుండా రాస్తున్నాను. కాగితం మీద చుక్క ఉంటే అది టీ.

మేస్త్రమ్మ లేదు. పోయి పన్నెండేళ్ళు. ఆవిడకి నేను ఒక్కసారి కూడా మేలు చేశావు అని చెప్పలేదు.

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు కోడలి చుట్టూ తిరిగాను. నోరు తెరుస్తాను, "కూరలో ఉప్పు చూశావా" అంటాను. మూడోరోజు ఉతికిన దుప్పట్లు తీస్తుంటే "ఒక కొస పట్టుకో అమ్మా" అన్నాను. పట్టుకుంది. నాకు చేతులకి పని ఉంటే నోరు కదుల్తుందని ఇన్నేళ్ళకి తెలిసింది. మొదటి మడతకి "నువ్వు మొన్న అన్నమాట ఒకప్పుడు నేనూ అనుకున్నాను" అన్నాను. ఆమె ఆగిపోయింది. రెండో దుప్పటికి నీ బుట్ట సంగతి చెప్పాను. మూడోదానికి దూది. ఉన్న దుప్పట్లు నాలుగే. అయిపోయాక మడతపెట్టినవి మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టాం.

అంతా విని, "మీకు ఎలా తగ్గింది అత్తయ్యా?" అంది. తగ్గలేదు, దానంతటది సన్నగిల్లింది, దానికి నా కూతురి చిన్నతనం ఖర్చయింది అన్నాను. అప్పుడు ఏడ్చింది. పదిహేను నెలల్లో మొదటిసారి. నాకు భయమేసింది, ఊరుకోబెట్టబోయాను, మళ్ళీ మానేశాను.

మీ తమ్ముడు మొదట ఒప్పుకోలేదు. మనసు డాక్టరు అనగానే "పిచ్చా ఏంటి మా ఆవిడకి" అన్నాడు. "లిఫ్టు ఆగిపోతే లోపలున్నవాళ్ళని పిచ్చివాళ్ళంటావట్రా?" అన్నాను. నా నోటికి ఆ మాట ఎలా వచ్చిందో తెలీదు. శనివారం ముగ్గురం వెళ్ళాం. డాక్టరమ్మ చిన్నపిల్ల, మన చిట్టిదాని వయసు దానిలా ఉంది నా కంటికి. ప్రసవం తర్వాత చాలామందికి వస్తుందట, దానికి పేరుందట, మందుందట. పేరు రాసిచ్చింది, నాకు నోరు తిరగలేదు, కానీ పేరుందంటేనే నాకు సగం బరువు దిగింది. నాకది వచ్చినప్పుడు పేరు లేదు, అందుకే నా పేరే దానికి పెట్టుకున్నాను.

పిల్లకి చెవుల్లో లోపం లేదు, తల్లి మొహంలోంచి జవాబు రాక పిల్ల అడగడం మానేసింది, మళ్ళీ అడిగేలా చెయ్యొచ్చు, వయసు దాటలేదు అంది. తర్వాత నా వైపు తిరిగి, "మీరు చాలా చేశారు. ఇక పిల్లని ఆమెకిచ్చి మీరు పక్కన కూర్చోండి. పిల్ల బదులు తల్లిని చూసుకోండి" అంది. తప్పు పట్టినట్టు లేదు గానీ నాకు తగలాల్సిన చోటే తగిలింది.

మంచం మళ్ళీ వాళ్ళ గదిలో పెట్టాం. నేను గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుంటాను. కోడలు "ఏం మాట్లాడాలో తెలీట్లేదు అత్తయ్యా" అంటుంది. చేసే పని చెప్పు అంటాను. "ఇదిగో చొక్కా వేస్తున్నాను. ఇదిగో చెయ్యి" అంటుంది, గొంతులో ప్రాణం ఉండదు. చిట్టిది ఫ్యాను వైపే చూస్తోంది. మందు పట్టడానికి వారాలు పడుతుందట. నాకు నిమిషాలే ఎక్కువగా ఉన్నాయి.

నువ్వు అడిగిన నలభై ఏళ్ళకి జవాబు వెతికాను. దొరకలేదు. నీకు చెప్తే నువ్వు నన్ను చూడవని భయం. అంతకంటే పెద్దది ఏదో ఉంటుందనుకున్నాను, ఉన్నది అంతే.

ఏమీ కోరుకోని
అమ్మ


జూలై 22, సోమవారం

అమ్మా,

చిట్టిది ఫ్యాను వైపు చూస్తే మరదల్ని ఫ్యాను గురించి మాట్లాడమను.

శుక్రవారం కౌంటర్లో కూర్చున్నాను. ఒక్క పూటే. జనం ఒకేసారి మాట్లాడుతుంటే చెమట పట్టింది. అందరి పెదాలూ చూస్తూనే ఉన్నాను, అలవాటు పోదు. ఒక పెద్దాయన చత్వారం అద్దాలు పెట్టుకుని నా మొహం చూసి "నువ్వు చిన్నదానివే" అన్నాడు. వెనకనించి అన్నా వినపడి ఉండేది.

నిన్ను క్షమించానని రాయట్లేదు. అలాంటిది ఇంకా ఏమీ లేదు. ఆదివారం పొద్దున పదింటికి ఫోన్ చేస్తాను. నువ్వే తియ్యి.


జూలై 29, సోమవారం

అమ్మలూ,

నిన్న మాట్లాడుకుని ఇవాళ ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోన్లో చెప్పలేనివి ఉన్నాయి.

ఎనిమిదింటికే ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఛార్జింగు ఉందా అని మీ తమ్ముణ్ణి ఆరుసార్లు అడిగాను. నువ్వు చెయ్యగానే "అమ్మలూ, వినపడుతోందా" అని అరిచానట, చిట్టిది ఉలిక్కిపడిందట. నువ్వు "మెల్లిగా అమ్మా, వినపడుతోంది" అన్నావు. ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

నువ్వు స్పీకర్లో పెట్టమని, చిట్టిదాన్ని పిలిచి "పట్టుకో" అన్నావు కదా, తర్వాత ఏం జరిగిందో నీకు కనపడలేదు. చిట్టిది ఫోను వైపు తిరిగింది. ఎవరిదా గొంతు అన్నట్టు చూసింది. చూసి, తల పైకెత్తి వాళ్ళమ్మ మొహం చూసింది. నా మొహం కాదు, వాళ్ళమ్మది. నేను పక్కనే ఉన్నాను, అయినా ఆమెనే అడిగింది. కోడలు కొంచెం ఆలస్యంగానే అయినా "అత్త" అని జవాబు చెప్పింది. పిల్ల ఏ మాటా అనలేదు. నాకు ముందు ఎక్కడో గుచ్చుకుంది, ఇన్ని నెలలు మోసింది నేను కదా అని. పాపిష్టి మనసు. తర్వాత సంతోషించాను. ఇవాళ పొద్దున మళ్ళీ ఫ్యానే చూస్తోంది. కోడలు పొద్దుణ్ణించీ పడుకునే ఉంది. కొన్ని రోజులు ఇలా, కొన్ని రోజులు అలా ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది, అయినా గ్యాసు రెండుసార్లు చూసొచ్చాను.

తర్వాత వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళారు. ఫోను నా చెవి దగ్గరే ఉంది. నీతో చెప్పాలని ఏడు విషయాలు గుర్తుపెట్టుకున్నాను, ఒక్కటీ రాలేదు. గోడ గడియారంలో పెద్దముల్లు కదలడం చూశాను. నేను ఒక్క మాట మాట్లాడలేదు. నువ్వూ ఏమీ అడగలేదు. నీ వెనక వీధిలో ఏదో బండి హారన్ కొట్టింది, అది నీకు వినపడుతోంది కదా అనుకున్నాను. పెట్టేస్తావేమో, ఇప్పుడు పెట్టేస్తావేమో అని చూస్తూ ఉన్నాను.

నువ్వు పెట్టెయ్యలేదు. నేను మాట్లాడకపోయినా అటువైపు అలాగే ఉన్నావు.

బుట్టలోనూ అలాగే ఉన్నావు కదూ, మూడేళ్ళు.

ఉత్తరం చివర దూది మానకు అని రాయబోయి ఆగాను. దాని బదులు ఏం రాయాలో తెలీక ఖాళీగా వదిలేస్తున్నాను.

అమ్మ